పెద్ద దర్వాజ

మెట్‌పల్లి,
జూన్, 2024

జమునకు,

ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే నీలం గీతలు వస్తాయి కానీ నీ నుంచి జవాబు రాదు. గోపాల్ అన్నను అడిగితే "బాగనే ఉన్నదమ్మా, ఎవ్వలతోని మాట్లాడతలేదు గంతే" అన్నాడు. మొగుళ్లకు అదే బాగుండడం కాబోలు. అందుకే కాగితం పట్టాను. కాగితాన్ని కట్ చేయలేవు కదా. చింపాలనుకుంటే చదివి చింపు.

బీఎడ్ చదివేటప్పుడు సెలవులకు ఇంటికి పోతే వారానికో కార్డు రాసేదానివి. చీమల బారులాంటి అక్షరాలతో అడ్రసు దగ్గర కూడా రాసేదానివి. ఆ చీమలు ఎటు పోయాయో ఈసారి చూడాలని ఉంది.

ఇక్కడి సంగతి చెప్తాను. మా అత్తగారి ఊళ్లో గడి ఉందని నీకు తెలుసు కదా, మెట్‌పల్లికి దగ్గర్లో. రైతుకూలీ సంఘాలు వచ్చిన రోజుల్లో మా మామగారు తాళం వేసి కుటుంబాన్ని కరీంనగర్ తీసుకుపోయారట. అప్పటి నుంచి గబ్బిలాలే దాని దొరలు. మా ఆయన దయాకర్‌రావు రిటైరైనప్పటి నుంచి దాన్ని బాగు చేయించి, జనం వచ్చి చూసే ఇల్లుగా తెరవాలని పట్టు పట్టాడు. ఇల్లు, బురుజు, పక్కన తోట, అన్నీ. ఆయన పట్టు పడితే చాకిరీ నాది. ఉద్యోగం వదిలి ఇక్కడ సున్నం లెక్కన గోడలకు అతుక్కుపోయాను. అత్తమ్మ కూడా మాతోనే ఉంది. ఆమెకు మళ్లీ తన గది దొరికింది, పదేళ్లు చిన్నదయింది.

కార్తీకంలో తెరుస్తున్నాం. నువ్వు రావాలి. ఊరికే రావడం కాదు, బడిపిల్లలు వస్తారు, వాళ్లకు ఈ ఇంటి చరిత్ర నువ్వు చెప్పాలి. ఇన్నేళ్లు సాంఘికశాస్త్రం చెప్పిన నోరు ఊరికే ఎండిపోతుంటే చూడలేను.

మెట్లున్నాయని ఫికర్ పెట్టుకోకు. మా దగ్గర గట్టి మనుషులు నలుగురున్నారు. కుర్చీతో సహా ఎత్తి లోపల దించుతారు. అత్తమ్మ కొత్త కోడలిగా మేనాలో దిగిందట, నువ్వూ అట్లా దిగుదువు గాని.

రాయి.

నిర్మల


మంచిర్యాల,
జూలై

నిర్మలకు,

ఉత్తరం అందింది. చింపలేదు.

ఎట్లా ఉన్నావని నువ్వు అడగలేదు, అందుకు సంతోషం. అందరూ అడుగుతారు. అయినా చెప్తాను. పోయిన ఏడు స్కూటరును లారీ కొట్టినప్పుడు విరిగింది నడుము మాత్రమే అని డాక్టర్లు అన్నారు. నడుము కింద ఏమీ తెలియదు. పైన కూడా తెలియడం లేదని వాళ్లకు నేను చెప్పలేదు.

మొన్న టీ గ్లాసు తొడ మీద ఒలికింది. నేను పేపరు చదువుతూనే ఉన్నాను. అవ్వ వచ్చి చీర తడిగా ఉందేమని చూస్తే తోలు బొబ్బలెక్కింది. అవ్వ ఏడ్చింది. నేను ఆ కాలును పక్కింటి వాళ్ల కాలు చూసినట్టు చూశాను. నన్ను కన్న మా అవ్వ రామవ్వ నీకు గుర్తుండే ఉంటుంది, హాస్టలుకు సకినాలు తెచ్చేది. బాపు పోయినప్పటి నుంచి చొప్పదండి దగ్గరి ఇల్లు వదిలి నా దగ్గరే ఉంటున్నది. ఈ వయసులో నాకు తల దువ్వుతున్నది. గోపాల్ బొగ్గు బాయి పనికి పోతాడు, వస్తాడు, నన్ను మంచం మీది నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి మారుస్తాడు. మంచి మనిషి. ఆయన మంచితనం కూడా నాకు దూరంగా ఎక్కడో జరుగుతున్నట్టే ఉంటుంది.

నీ పిలుపు గురించి. నలుగురు మనుషులు నన్ను ఎత్తితే రాను. నువ్వు ఎత్తించుకొని చూడలేదు కాబట్టి మేనా అని రాయగలిగావు. గుడి దగ్గర ఒకసారి ఎత్తారు. ఒకడి చేయి చంకలో, ఒకడి ఊపిరి మొహం మీద. చుట్టూ జనం "అయ్యో పాపం, జర పైలం" అంటుంటారు. దించాక చీర సర్దుకోవడానికి కూడా నా చేయి నాకు ఖాళీ ఉండదు, వాళ్లకు దండం పెట్టాలి కదా. ఆ తర్వాత నేను గుడికి పోలేదు. దేవుడు బయటికి వచ్చినప్పుడు చూద్దాం.

ఒక్క మాట అడుగుతాను. మీ గడికి ముందు పెద్ద దర్వాజ ఉంటుంది. దాని నుంచి, నా కుర్చీలో నేను, నా చేతులతో చక్రాలు తిప్పుకుంటూ లోపలికి రాగలిగితే వస్తాను. లేకుంటే రాను. కోపం కాదు. వేరే దారి నుంచి వచ్చే ఓపిక లేదు.

జమున


మెట్‌పల్లి,
జూలై ఆఖరు

జమునా,

చీమలు బతికే ఉన్నాయి! అక్షరాలు చూసి ముందు నవ్వాను, తర్వాత చదివి కుర్చీలో కూలబడ్డాను. మేనా మాటకు నన్ను తిట్టినా బాగుండేది. నా నోటికి తాళం వేసే వాళ్లు ఈ గడిలో లేరు.

సరే. మాట ఇస్తున్నాను. పెద్ద దర్వాజ నుంచే, నీ చేతులతో నువ్వే.

వెంటనే పనిలో దిగాను. ముందు రాతి మెట్లున్నాయి, వాటిని ముట్టుకోవద్దని గడి బాగుచేయించే ఇంజనీరు అన్నాడు. మెట్ల మీద చెక్కతో వాలు దారి వేసి, అవసరం లేనప్పుడు తీసి పెట్టవచ్చట. అక్కడి వరకు పేచీ లేదు. ఆ పైన గడప ఉంది. గడపంటే మీ ఇంట్లో గడప అనుకోకు. నిండు టేకు మొద్దు, మోకాలెత్తు. పెళ్లయిన కొత్తలో గడపకు మొక్కించడానికి తాళం తీసి నన్ను తీసుకొచ్చినప్పుడు పట్టుచీర తట్టుకొని దాని మీద పడబోతే అత్తమ్మ పట్టుకొని "తొక్కకు, దాటు" అన్నది. మనుషులమైతే దాటుతాం. చక్రం దాటదు, ఎక్కే తీరుతుంది. ఈ సంగతి ఇన్నేళ్లలో నాకు తోచనే లేదు చూడు. వడ్రంగి సిద్దిరాములును రమ్మన్నాను. ఏదో ఒకటి చేస్తాడు.

తోట చూస్తే నీకు ప్రాణం లేచి వస్తుంది. బత్తాయి చెట్లు మళ్లీ పెట్టించాము, పాత బొండుమల్లె పొద ఒకటి ఎట్లనో బతికి ఉంది. దారుల నిండా తెల్లటి గులకరాళ్లు పోయించాను. వెన్నెల్లో చూడాలి.

పిల్లలకు ఏం చెప్పాలో రాసుకోవడం మొదలుపెట్టు.

నీ నిర్మల


మంచిర్యాల,
ఆగస్టు

నిర్మలకు,

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. ఆమెకు చదువు రాదని తెలుసు కదా. బియ్యం ఏరుతున్నది. గడి పేరు వినగానే చేయి ఆగింది. "పెద్ద దర్వాజకెల్లేనా?" అని అడిగింది. అవునన్నాను. "అందరు చూస్తుంటెనా?" అన్నది. అవునన్నాను. తర్వాత బియ్యం ఏరుకుంటూ ఉండిపోయింది. సాయంత్రం వచ్చి, తనూ వస్తానన్నది.

ఆ రోజు నుంచి ఆమె నన్ను కూర్చోనివ్వడం లేదు. కూర్చునే ఉంటాను కదా అని నవ్వకు. గోపాల్ వాకిట్లో మెట్టు మీద చెక్క పలక వేశాడు, పొద్దున్నే చక్రాలు తిప్పుకుంటూ గల్లీ చివరి వరకు పోతున్నాను. మొదటి రోజు చేతులు పొక్కాయి. గల్లీ వాళ్లు తలుపుల్లో నిలబడి చూశారు. నాకు సిగ్గు వేయలేదు. సంతోషం కూడా వేయలేదు. కానీ పోతున్నాను. అవ్వ వెనకే నడుస్తుంది, చేయి వేయదు. వేయొద్దని చెప్పాను.

గులకరాళ్ల గురించి ఒక మాట. అందంగానే ఉంటాయి. ముందరి చిన్న చక్రాలు వాటిలో దిగబడతాయి. దిగబడితే నేను ముందుకూ పోలేను, వెనక్కూ రాలేను. పక్కన ఒక వరుస బండలు పరిపించగలిగితే చూడు.

పిల్లలకు చెప్పాల్సింది రాసుకుంటున్నాను. కొంచెమే వచ్చింది.

గడప గురించి నువ్వు ఏమీ చేయలేకపోతే ముందే చెప్పు. అంత దూరం వచ్చాక తెలియడం నాకు ఇష్టం లేదు. ముఖ్యంగా అవ్వ ముందు.

జమున


మెట్‌పల్లి,
అక్టోబర్

జమునా,

ఆలస్యమైంది, తిట్టుకోకు. పండుగ పనులు, రంగుల వాళ్లు, అత్తమ్మ మోకాళ్లు. కానీ మంచి వార్తతో వచ్చాను.

నీ దారి తయారైంది!

గడప సంగతి చాలా తర్జనభర్జన పడ్డాం. ముందు దర్వాజకు ఏం చేయడానికీ వీలు కాదన్నారు. గడప తీస్తే తలుపు చౌకట్టు కదులుతుందట. పైన పలక వేద్దామంటే చక్రం గడప నెత్తి మీది నుంచి పోతుంది, అత్తమ్మకు అది సరిపడదు. శుక్రవారం శుక్రవారం పసుపు రాసి మొక్కే గడప, పెద్దామెను ఈ వయసులో బాధపెట్టి ఏం బావుకుంటాం చెప్పు.

తల పట్టుకొని కూర్చుంటే మా ఆయనకే తట్టింది. వెనక దొడ్డి దర్వాజ ఉంది. వడ్ల బండ్లు, పశువులు పోయేది కాబట్టి దానికి గడపే లేదు. నేల మట్టం. వెడల్పు. చిన్న ఎత్తు ఉంటే సిమెంటుతో వాలు చేయించాము, పక్కన పట్టుకోను ఇనుప కడ్డీ కూడా పెట్టించాను. నీ కోసమే కట్టినట్టుంది. అక్కడి నుంచి దంచే సావిడి, వంటిల్లు దాటితే నేరుగా నడి వాకిట్లోకి వస్తావు. ఎవ్వరూ నిన్ను ముట్టుకోరు. నీ చేతులతో నువ్వే.

బోర్డు కూడా రాయించాము. ముందు గేటు దగ్గరే, నీలం రంగులో కుర్చీ బొమ్మ, "దివ్యాంగులకు ప్రత్యేక ద్వారం" అని, వెనక్కి బాణం గుర్తు. ఈ చుట్టుపక్కల పాత ఇళ్లల్లో ఎక్కడా ఇట్లాంటిది లేదని పేపరు విలేకరి ఫొటో తీసుకుపోయాడు. నీ పేరు చెప్పాను, నా స్నేహితురాలి వల్ల వచ్చిన ఆలోచన అని.

ఇంక సాకులు లేవు. అవ్వను కూడా తీసుకొని రా. ఆమెకు నేను దగ్గరుండి ఇల్లంతా చూపిస్తాను.

నిర్మల


మంచిర్యాల,
అక్టోబర్

నిర్మలకు,

నీ ఉత్తరం ఈసారి అవ్వకు సగమే చదివాను. దొడ్డి దర్వాజ దగ్గర ఆగాను. కళ్లు మండుతున్నాయని చెప్పాను.

అవ్వకు నువ్వు ఇల్లు చూపించనక్కర లేదు. ఆ దారి ఆమెకు తెలుసు. నాకు అమ్మమ్మ ఊరు ఏదని నువ్వు ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు. మీ ఊరే. అవ్వ పుట్టింది గడి వెనక వాడలో. పెళ్లయి చొప్పదండి వైపు వచ్చేదాకా మీ గడిలో వెట్టి చేసింది. తన తల్లి వెంట పోయి, తర్వాత తల్లికి బదులు పోయి. దంచే సావిడి అన్నావే, అందులో రోకలి పట్టింది. తోటకు నీళ్లు మోసింది. తెల్లారక ముందే పెద్ద దర్వాజ ముందర ఊడ్చి, సాన్పి చల్లి, ఆ గడపను బయటి దిక్కు నుంచి కడిగేది. లోపలి దిక్కు కడగాలంటే దాటితే అయిపోతుంది. దాటొద్దు. బకెట్టు పట్టుకొని గోడంతా చుట్టి, దొడ్డి దర్వాజ నుంచి లోపలికి వచ్చి, లోపలి దిక్కు కడగాలి. ఆమెకు గడప రెండు వైపులా తెలుసు. దాటడమే తెలియదు.

మీ పెళ్లి కార్డు మీద ఊరి పేరు చూసినప్పుడు నాకు తెలిసింది. పెళ్లి కరీంనగర్‌లో కాబట్టి వచ్చాను, తిన్నాను, ఫొటో దిగాను. నీకు చెప్పి నీ మొహం మారడం చూడాలనిపించలేదు. గడి ఎప్పుడూ తాళంలోనే ఉంది కాబట్టి చెప్పే అవసరమూ రాలేదు.

నువ్వు తెరుస్తున్నానని రాసినప్పుడు నాకు ఒక్కటే అనిపించింది. అవ్వను వెంట పెట్టుకొని ఆ పెద్ద దర్వాజ నుంచి పోవాలి. నాకు వేరే ఏ కోరికా మిగలలేదు నిర్మలా, అబద్ధం కాదు. అన్నం కూడా అవ్వ పెడుతుంది కాబట్టి తింటాను. ఇదొక్కటి ఉండింది. దాని కోసమే గల్లీలో చక్రాలు తిప్పాను.

నువ్వు తెలిసి చేయలేదు. తెలియక చేసినా నా బండి చేరింది మా అవ్వ దర్వాజకే. పైగా కడ్డీ కూడా పెట్టించావు.

నేను రాను. నా మీద కోపం తెచ్చుకోకు. నాకైతే కోపం కూడా రావడం లేదు.

జమున


మెట్‌పల్లి,
నవంబర్ మొదటివారం

జమునా,

నీకు కోపం రావడం లేదు. నాకు వస్తున్నది.

ముప్పై ఏళ్లు! ఒకే కంచంలో తిన్నాం. నా సవరం పెట్టుకొని నువ్వు వార్షికోత్సవంలో పాట పాడావు. నా పిల్ల పుడితే ఆసుపత్రిలో నువ్వే ఉన్నావు. ఇన్నేళ్లు నన్ను పక్కన కూర్చోబెట్టుకొని లోపల "ఇది దొరసాని" అనుకుంటూ ఉన్నావా? చెప్తే నా మొహం మారుతుందని నువ్వే తీర్పు రాసేసుకున్నావు. ఒక్కసారి చెప్పి చూడాల్సింది. మారేదో లేదో.

ఎవరినీ దొడ్డి దారిన రమ్మన్నది నేను కాదు. నేను పుట్టక ముందటి సంగతులు. నేను ఆ ఇంటి కోడలిని, నాకూ ఆ ఇంట్లో దాటకూడని గడపలు చాలా ఉన్నాయి, అవి ఎవ్వరికీ కనపడవు. నువ్వొక్కదానివే కష్టపడ్డట్టు రాయకు.

నా చేతిలో ఉన్నంత చేశాను. ఆ సిమెంటు వాలు గట్టిపడేదాకా నేనే నిలబడి నీళ్లు పట్టాను. చెప్పేవాళ్లకు చేసేవాళ్లు లోకువ అనుకో, కానీ ఇంజనీరూ వడ్రంగీ అత్తమ్మా అందరూ కుదరదంటే ఒక్కదాన్ని ఏం చేయను? నీ కోసం ఇల్లు కూలగొట్టనా?

రావాలనుంటే రా. లేకుంటే నీ ఇష్టం.

ఇంత రాసి ఆపుదామనుకున్నాను. చేయి ఆగడం లేదు. జమునా, అవ్వ సకినాలు తెచ్చినప్పుడు నా వైపు చూసి "నీ మెట్టినింట సుఖపడు బిడ్డా" అనేది. ఏ ఇల్లో తెలిసిన తర్వాత కూడా అన్నదా?

నిర్మల


మంచిర్యాల,
నవంబర్

నిర్మలకు,

అన్నది. తెలిసిన తర్వాత కూడా.

నీ కోపం న్యాయమే. నేను నీకు చెప్పి ఉండాల్సింది. ఈ మాట కూడా గోడకు చెప్పినట్టు రాస్తున్నానని నాకు తెలుసు, ఏం చేయను.

నీ రెండు ఉత్తరాలూ అవ్వకు మొత్తం చదివాను. దాచడం చేతకాలేదు. తర్వాత అన్నది, "నేను పోత. నా కాళ్లు నాకున్నయ్ గద." అన్నాక నాలుక కరుచుకున్నది. నా కుర్చీ వైపు చూడలేక వంటింట్లోకి పోయి గిన్నెలు తోమింది, తోమినవే మళ్లీ.

వస్తున్నాం. అవ్వ పెద్ద దర్వాజ నుంచి వస్తుంది, నువ్వు గడప దగ్గర ఉండు. నేను లోపలికి రాను. తోట దగ్గర ఉంటాను. పిల్లలకు ఏమీ చెప్పను. ఆ నలుగురిని నా దగ్గరికి పంపకు.

జమున


మంచిర్యాల,
నవంబర్ ఆఖరు

నిర్మలకు,

నువ్వు ఆ రోజు జనం మధ్యలో ఉన్నావు, మనం సరిగ్గా మాట్లాడుకోలేదు. నేను చూసింది రాసి ముగిస్తాను.

గోపాల్ నన్ను కారులోంచి కుర్చీలోకి మార్చాడు. ఆయన ఒక్కడు మారుస్తే నాకు ఇబ్బంది లేదు. గేటు దగ్గరికి రాగానే అవ్వ వంగి చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నది. గోపాల్ "అత్తా, ఏసుకో, అందరు ఏస్కొనే పోతుండ్రు" అన్నాడు. అవ్వ చుట్టూ చూసి వేసుకున్నది. కొత్త చీర గరగరలాడుతున్నది. మెట్ల దాకా పోయి ఒకసారి వెనక్కి చూసింది. పొమ్మని చేయి ఊపాను. నువ్వు ఆమె చేయి పట్టుకోవడం కనపడింది. గడప దాటిందో లేదో జనం అడ్డం వచ్చి కనపడలేదు.

తోటలో గులకరాళ్లు తీయలేదు. చక్రాలు దిగబడ్డాయి. గోపాల్ కారు పక్కకు పెట్టడానికి పోయాడు. నేను అక్కడే ఉండిపోయాను. ఎవరో ఒకామె వచ్చి "ప్రత్యేక ద్వారం అటున్నదమ్మా" అని బోర్డు చూపించింది. ఇంకొకామె చేతిలో ప్రసాదం పెట్టి తల నిమిరింది. బత్తాయి చెట్లు బాగున్నాయి.

అవ్వ ఎంతసేపటికీ రాలేదు. లోపలి నుంచి ఆమె గొంతు వినపడింది, ఒక గదిలోంచి, తర్వాత ఇంకో గదిలోంచి. తిరుగుతున్నది. గట్టిగా మాట్లాడుతున్నది. మా ఇంట్లో ఆమె అంత గట్టిగా మాట్లాడదు. అప్పుడు నాకు కడుపులో మండింది. ఏడాదిగా ఏమీ తెలియని నాకు మొదట తెలిసింది ఇదీ. మా అవ్వ మీద ఈర్ష్య. ఆమె కాళ్ల మీద. నా కోసం తిండి మానిన మనిషి ఒక్క పూట సంతోషంగా తిరుగుతుంటే ఓర్వలేకపోయాను. నన్ను మరిచిపోయిందనుకున్నాను.

చివరికి బయటికి వచ్చి నా ముందు చతికిలబడి కూర్చున్నది. ఎట్లుందని అడిగాను. "లోపట ఏం లేదు బిడ్డా. ఉత్త గోడలే" అన్నది. నా మొహం చూసి అన్న అబద్ధమని తెలిసింది.

ఇక చాలు నిర్మలా. నువ్వు మంచిదానివి. ఈ ఉత్తరాలు ఇక్కడితో ఆపుదాం. రాయడానికి నా దగ్గర ఏమీ మిగలలేదు.

జమున


మెట్‌పల్లి,
డిసెంబర్

జమునా,

ఆపమన్నావు. ఇదొక్కటి చదువు, తర్వాత నీ ఇష్టం.

ముందు నా సంగతి. వడ్రంగి కుదరదన్నాడని రాశాను. సిద్దిరాములు అట్లా అనలేదు. జూలైలోనే వచ్చి చూసి, "గడపను కోసి గూటాల మీద కూసోబెడ్తమ్మా, కావాల్నంటే పెట్టుకోవచ్చు, వద్దంటే తీసి పక్కకు పెట్టుకోవచ్చు, చౌకట్టుకేం గాదు" అన్నాడు. నేనే పంపించేశాను. అత్తమ్మను అడగనే లేదు. అడిగితే వద్దంటుందని, వద్దన్నాక నేను ఎదురు చెప్పాల్సి వస్తుందని భయపడి, ఆమె పేరు నేనే వాడుకున్నాను. నీకు కోపంగా రాసిన ఉత్తరంలో ఉన్న కోపం సగం నా మీదే.

ఇప్పుడు అవ్వ సంగతి. గడప ముందు చాలాసేపు నిలబడింది. వంగి చేత్తో ముట్టి కళ్లకు అద్దుకున్నది. తర్వాత చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టి దాటింది. అయిపోయింది, ఇంక కూర్చోబెట్టి టీ ఇద్దామనుకున్నాను. కూర్చోలేదు. నేరుగా మొదటి గది తలుపు దగ్గరికి పోయి రెండు చేతులూ చాపింది, నీ కుర్చీ వెడల్పు ఎంతో అంత. ఆ చేతులు అట్లాగే పెట్టి తలుపులోంచి నడిచింది. "గీండ్ల పడుతది నా బిడ్డ" అన్నది. రెండో గది. మూడో గది. ప్రతి తలుపు దగ్గరా చేతులు చాపుకుంటూ. "దీంట్ల పట్టది. గీడ తిరుగది. గీ మెట్టు తియ్యాలె, రాసుకో అమ్మా, నీకు యాదికుండది." నీకు వినపడ్డ గొంతు అదే. ఇల్లు చూడలేదు జమునా ఆమె. అద్దాలు, పల్లకి, కత్తులు, ఒక్కదాని వైపు కూడా తల తిప్పలేదు. నువ్వు చూడని ఇల్లు ఆమెకు నిజంగానే ఉత్త గోడలు.

నడి వాకిట్లో అత్తమ్మ కుర్చీలో ఉన్నది. కళ్లు చికిలించి చూసి గుర్తుపట్టింది. "ఎవలు, రామివా? ముసలిదానివైనవ్ గదనే. దొడ్డి దిక్కుకెల్లి రాక గిట్లెందుకొచ్చినవే?" అన్నది. కావాలని అనలేదు. ఆమె నోటికి అదొక్కటే తెలుసు. చుట్టూ అందరూ ఆగిపోయారు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

అవ్వ చాపిన చేతులు దించలేదు. మెల్లగా అన్నది, "గా దర్వాజ గిప్పుడు నా బిడ్డకిచ్చిండ్రట దొరసానీ. అందుకని నేను గిట్లొచ్చిన."

అత్తమ్మ ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని "ఆ పిల్లకేమైంది?" అని నన్ను అడిగింది. నీ లారీ సంగతి, నీ బడి సంగతి అన్నీ చెప్పాను. గడప కోయిస్తున్నానని కూడా చెప్పాను, అడగలేదు, చెప్పాను. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. మా ఆయన మొహం గంటు పెట్టుకున్నాడు. పెట్టుకోనీ. నిన్న సిద్దిరాములు రంపం వేశాడు. లోపలి నుంచి వచ్చిన పొట్టు ఇంకా ఎర్రగా, పచ్చి వాసనతో ఉన్నది. మెట్ల మీద చెక్క వాలు వేయించాను, గులకరాళ్లు బండ్లకెత్తించాను. బోర్డు పీకించాను. వెనక దారి సామానుకు ఉంటుంది.

నువ్వు వస్తావో రావో నాకు తెలియదు. రావాలని అడిగే మొహం కూడా నాకు లేదు. అవ్వ బయటికి పోయే ముందు చెప్పింది మాత్రం నీకు చేరాలి, ఆమె నీకు చెప్పి ఉండదు. పెద్ద దర్వాజ దగ్గర ఆగి ఆఖరిసారి చేతులు చాపింది. ఎంత చాపినా ఇటు చౌకట్టుకూ అటు చౌకట్టుకూ అందలేదు. నా వైపు తిరిగి నవ్వింది.

"మస్తు వెడల్పున్నదమ్మా. నా బిడ్డ, నేను ఒక్కసారే పడుతం" అన్నది.

నిర్మల